కణం ప్రోటీన్ తయారీ మొదలుపెట్టిందా, ఆపేసిందా? యాంటీబాడీలతో తేల్చుకునే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

“కంట్రోల్‌ల సుత బ్యాండ్ వచ్చిందేంది అక్కా?”

హనుమకొండలో మా చిన్న ల్యాబ్‌కు ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వచ్చిన ములుగు అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. కంట్రోల్ కణాలకు ఏ మందూ వేయలేదు. అయినా ఫాస్ఫో ఈఐఎఫ్2 ఆల్ఫా (ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిన రూపం, కణం కష్టంలో ఉందనే గుర్తు) బ్యాండ్ నల్లగా వచ్చింది. యాంటీబాడీ పాడైందని తన అనుమానం. నేను ముందు ప్లేటు చూపించమన్నాను. మీడియం మార్చి నాలుగు రోజులైంది, ఎర్రగా ఉండాల్సింది పసుపు రంగుకు తిరిగింది. కణాలు నిజంగానే ఆకలితో ఉన్నాయి, యాంటీబాడీ ఆ సంగతే చెప్పింది.

మన దగ్గర భూపాలపల్లి నుంచో జగిత్యాల నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చి, మొదటిసారి వెస్టర్న్ బ్లాట్ (జెల్‌లో విడదీసిన ప్రోటీన్లను యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) ముందు నిలబడే పిల్లలు చాలామంది ఉన్నారు. యాంటీబాడీ డబ్బాలో వచ్చే కాగితం పలచన ఎంత చేయాలో చెబుతుంది, బ్యాండ్ ఎందుకు వచ్చిందో చెప్పదు. ఆ లోటు తీరాలని ఇది రాస్తున్నాను. దీనంతటికీ ఆధారమైన మాట ఒకటుంది. ఫాస్ఫో యాంటీబాడీ చూపేది ఒక స్విచ్ స్థితిని మాత్రమే. ప్రోటీన్ తయారీ నిజంగా తగ్గిందా లేదా అన్నది వేరే యాంటీబాడీతో, వేరే ప్రయోగంతో విడిగా కొలవాలి. ఈ రెండింటినీ ఒకటిగా చూసి థీసిస్ అధ్యాయాలే తప్పుగా రాసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ముందు పడుగు సంగతి

వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్ళను చూసే ఉంటారు. పడుగు సరిగ్గా ఎక్కాక పేక చకచకా పడుతుంది. అసలు ఓపిక పడుగు దగ్గరే కావాలి. కణంలో ప్రోటీన్ తయారీ కూడా దాదాపు అంతే. ఒకసారి మొదలైతే రైబోజోమ్ సెకనుకు సుమారు 5, 6 అమైనో ఆమ్లాలను కలుపుకుంటూ పోతుంది. మొదలుపెట్టడమే కష్టం కాబట్టి కణం తన అదుపును ఎక్కువగా అక్కడే పెట్టుకుంది.

ఆ అదుపు రెండు చోట్ల ఉంటుంది. మొదటిది ఈఐఎఫ్2. మొదటి మెథియోనిన్‌ను మోసుకొచ్చే టీఆర్ఎన్ఏను జీటీపీ సాయంతో చిన్న రైబోజోమ్ ముక్క దగ్గరికి తెచ్చేది ఇదే. ఏయూజీ దొరికాక జీటీపీ ఖర్చయి జీడీపీ మిగులుతుంది. దాన్ని తీసేసి మళ్ళీ జీటీపీ ఎక్కించే పని ఈఐఎఫ్2బీది. కణానికి కష్టం వచ్చినప్పుడు ఈఐఎఫ్2 ఆల్ఫా భాగంలో 51వ స్థానంలోని సీరిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగులుతుంది. అలా ఫాస్ఫేట్ తగిలిన ఈఐఎఫ్2 వెళ్ళి ఈఐఎఫ్2బీని గట్టిగా పట్టుకుని కదలనివ్వదు. ఈఐఎఫ్2తో పోలిస్తే కణంలో ఈఐఎఫ్2బీ తక్కువ. అందుకే ఈఐఎఫ్2లో కొంత భాగానికి ఫాస్ఫేట్ తగిలినా తయారీ బాగా పడిపోతుంది. బ్యాండ్ రెండింతలైతే తయారీ సగమైందని లెక్క కట్టడం ఇక్కడే తప్పవుతుంది.

ఆ ఫాస్ఫేట్ పెట్టే ఎంజైములు నాలుగు. ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో ప్రోటీన్లు సరిగ్గా ముడుచుకోకపోతే పెర్క్, అమైనో ఆమ్లాలు కరువైతే జీసీఎన్2, వైరస్ రెండు పోగుల ఆర్ఎన్ఏ కనిపిస్తే పీకేఆర్, హీమ్ తక్కువైనా ఆర్సెనైట్ లాంటి దెబ్బ తగిలినా హెచ్ఆర్ఐ. దారులు నాలుగైనా చేరే చోటు సీరిన్ 51 ఒక్కటే. కాబట్టి ఒక్క యాంటీబాడీతో నాలుగు రకాల కష్టాలూ కనిపిస్తాయి. ఏ కష్టమో మాత్రం అది చెప్పదు.

రెండో చోటు ఎంఆర్ఎన్ఏ తలపై ఉండే టోపీ. ఈఐఎఫ్4ఈ ఆ టోపీని పట్టుకుని, ఈఐఎఫ్4జీని పిలుచుకుంటుంది. 4ఈ-బీపీ1 అనే చిన్న ప్రోటీన్ ఈఐఎఫ్4జీ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుని అడ్డుపడుతుంది. పోషకాలు బాగున్నప్పుడు ఎంటార్ ఎంజైము 4ఈ-బీపీ1కు వరసగా ఫాస్ఫేట్లు తగిలించి లేపేస్తుంది. ఇక్కడ ఫాస్ఫేట్ తగిలితే తయారీ పెరుగుతుంది, ఈఐఎఫ్2 దగ్గర తగిలితే తగ్గుతుంది. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే, నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

ఏ యాంటీబాడీలు కొనాలి

ఒక చిన్న వయల్ ఖరీదు ఒక్కోసారి నెల ఫెలోషిప్‌ను మింగేస్తుంది. అందుకే వరస ముఖ్యం. ల్యాబ్‌లో ఏమీ లేకపోతే మూడింటితో మొదలుపెట్టండి: సీరిన్ 51 ఫాస్ఫో ఈఐఎఫ్2 ఆల్ఫాకు కుందేలు మోనోక్లోనల్, మొత్తం ఈఐఎఫ్2 ఆల్ఫాకు (ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా పట్టేది) ఎలుక (మౌస్) మోనోక్లోనల్, కొత్త ప్రోటీన్ గొలుసులకు అంటే ప్యూరోమైసిన్ అనే అణువును గుర్తుపట్టే 12డీ10 క్లోన్. మొదటి రెండూ వేర్వేరు జంతువుల్లో తయారైనవి కావాలి. కారణం బ్లాట్ దగ్గర చెబుతాను. తరువాత డబ్బు దొరికినప్పుడు మొత్తం 4ఈ-బీపీ1, దాని థ్రియోనిన్ 37/46 ఫాస్ఫో యాంటీబాడీ. ఆ తరువాత ఏటీఎఫ్4 (కష్టకాలంలో పెరిగే ప్రోటీన్), ఈఐఎఫ్4ఈ, ఈఐఎఫ్4జీ, జీ3బీపీ1 (స్ట్రెస్ గ్రాన్యూల్స్‌కు గుర్తు).

ఆర్డర్ చేసేటప్పుడు క్లోన్ పేరు, ఏ జాతి కణాలపై పరీక్షించారు, ఆ జన్యువును తీసేసిన కణాల్లో బ్యాండ్ మాయమైనట్టు ఫొటో ఉందా అన్న మూడూ చూడండి. పాలీక్లోనల్ అయితే లాట్ మారినప్పుడల్లా తీరు మారుతుంది, లాట్ నంబర్ రాసుకోవడం మరిచిపోవద్దు. మే నెలలో పార్సిల్ సోమ, మంగళవారాల్లో బయల్దేరేలా సరఫరాదారుతో ముందే మాట్లాడండి. శుక్రవారం బయల్దేరిన డబ్బా ఆదివారమంతా ఏదో గోదాంలో కూర్చుంటుంది, థర్మాకోల్ తెరిస్తే లోపల గోరువెచ్చని నీళ్ళుంటాయి.

వచ్చిన వయల్‌ను ముందు కొద్దిసేపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, మూతకు అంటుకున్న చుక్క కూడా డబ్బే. సగం గ్లిసరాల్‌లో ఉన్న యాంటీబాడీ మైనస్ 20లో గడ్డకట్టదు, అలాగే వాడుకోవచ్చు. గ్లిసరాల్ లేనిదైతే చిన్న చిన్న భాగాలు చేసి పెట్టండి. మంచు తానే కరిగించుకునే ఇంటి ఫ్రిజ్‌ల ఫ్రీజర్ వద్దు. అది మధ్యమధ్యలో వేడెక్కుతూ ఉంటుంది.

యాంటీబాడీని నమ్మే ముందు

జవాబు ముందే తెలిసిన నమూనాలపై పరీక్షించకుండా మీ అసలు నమూనాలను ముట్టుకోవద్దు. హీలా కణాలు (ల్యాబ్‌లలో పెంచే మనిషి కణాలు) పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకోవచ్చు. వాటికి ఎండోప్లాస్మిక్ రెటిక్యులంను దెబ్బతీసే తాప్సిగార్గిన్ 1 మైక్రోమోలార్ చొప్పున 1 గంట, ప్లేటులో మరో గుంటకు (వెల్‌కు) 500 మైక్రోమోలార్ సోడియం ఆర్సెనైట్ 45 నిమిషాలు ఇవ్వండి. రెండింట్లోనూ ఫాస్ఫో ఈఐఎఫ్2 ఆల్ఫా స్పష్టంగా పెరగాలి, మొత్తం ఈఐఎఫ్2 ఆల్ఫా కదలకూడదు. ఎంటార్‌ను ఆపే టోరిన్ 1 అయితే 250 నానోమోలార్, 2 గంటలు. ఇక్కడ 4ఈ-బీపీ1 ఫాస్ఫేట్ పోవాలి. ఆర్సెనైట్ విషం. గ్లోవ్స్ తప్పనిసరి, వాడిన మీడియం సింక్‌లో పోయకూడదు, వేరే సీసాలో పట్టి ప్రమాదకర వ్యర్థాలకు పంపాలి.

ఇంకో గట్టి పరీక్ష లాంబ్డా ఫాస్ఫటేజ్. ఆర్సెనైట్ ఇచ్చిన కణాల లైసేట్‌ను (కణాలను పగలగొట్టి తీసిన రసాన్ని) ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్) నిరోధకాలు లేకుండా తీసి, సగానికి మాంగనీస్‌తో పాటు ఈ ఎంజైమ్ కలిపి 30 డిగ్రీల వద్ద అరగంట ఉంచండి. మిగతా సగానికి నిరోధకాలు కలిపి ఐస్‌పై పెట్టండి. ఎంజైమ్ కలిపిన వరసలో (జెల్ లేన్‌లో) ఫాస్ఫో బ్యాండ్ మాయమై, మొత్తం బ్యాండ్ అలాగే ఉంటే ఆ యాంటీబాడీ నిజంగా ఫాస్ఫేట్‌నే చూస్తోందని అర్థం.

తాప్సిగార్గిన్ లైసేట్‌ను ఒకేసారి ఎక్కువగా తీసి, చిన్న భాగాలుగా మైనస్ 80లో దాచి, ప్రతి జెల్‌లో ఒక వరస వేయండి. ఆరు నెలల తరువాత బ్యాండ్ పలచగా వస్తే తప్పు నమూనాదా, యాంటీబాడీదా అన్న టెన్షన్ ఉండదు.

కణాలను సిద్ధం చేయడం

ఆరు గుంటల ప్లేటులో గుంటకు సుమారు 3 లక్షల హీలా కణాలు వేయండి. మరునాటికి మూడింట రెండు వంతులు నిండుతాయి. నిండిపోయిన ప్లేటుతో ప్రయోగం చేయవద్దు. మీడియంను ప్రయోగానికి ముందు రాత్రి మార్చండి. పాత మీడియంలో అమైనో ఆమ్లాలు తగ్గి జీసీఎన్2 లేస్తుంది, అప్పుడే పోసిన కొత్త మీడియం ఎంటార్‌ను ఎగదోస్తుంది. రెండూ మీ కంట్రోల్‌ను పాడుచేస్తాయి.

తాప్సిగార్గిన్, టోరిన్ లాంటి మందుల స్టాక్‌ను 1000 రెట్లు చిక్కగా డీఎమ్ఎస్ఓలో ఉంచుకుంటే 2 మిల్లీలీటర్ల మీడియంకు 2 మైక్రోలీటర్లు చాలు. కంట్రోల్‌కు కూడా అంతే డీఎమ్ఎస్ఓ పోయాలి. మందు వేసిన ప్లేటును వెంటనే ఇంక్యుబేటర్‌లో పెట్టండి. మన ఎండాకాలంలో గది 40 డిగ్రీలుంటుంది, బయట పది నిమిషాలు ఉంచితే వేడి దెబ్బే అసలు ప్రయోగమైపోతుంది. సమయం ముగిసే క్షణం అన్ని గుంటలకూ ఒకటే అయ్యేలా మందులను వేర్వేరు సమయాల్లో వేసి, అన్నింటినీ ఒకేసారి ఆపండి.

కణాలను పగలగొట్టడం: అసలు కథ ఇక్కడే

మూడు వారాలు పోగొట్టుకున్న నా అనుభవం చెబుతాను. అది మే నెల, ఐస్ మిషన్ పాడైంది. పొద్దున్నే ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి, గోనెసంచిలో వేసి సుత్తితో పగలగొట్టుకున్నాం. లైసేట్లను సెంట్రిఫ్యూజ్‌లో పెట్టగానే కరెంటు పోయింది. ఫ్రీజర్లకు బ్యాకప్ ఉంది, సెంట్రిఫ్యూజ్‌కు లేదు. మూత లాక్ పడిపోయి లోపలి ట్యూబులు తీయలేకపోయాం. నలభై నిమిషాల తరువాత కరెంటు వచ్చింది. బ్లాట్ చేస్తే మొత్తం ఈఐఎఫ్2 ఆల్ఫా ముచ్చటగా ఉంది, తాప్సిగార్గిన్ వరసలో ఫాస్ఫో బ్యాండ్ లేదు. యాంటీబాడీని అనుమానించి పలచన మార్చాను, బ్లాకింగ్ మార్చాను, అవే ట్యూబులను మళ్ళీ మళ్ళీ నడిపాను. ఎన్ని చేసినా, ఆ నలభై నిమిషాల వెచ్చదనంలో కణంలోని ఫాస్ఫటేజ్‌లు తినేసిన ఫాస్ఫేట్ తిరిగి రాదు.

అప్పటి నుంచి కరెంటు మీద నమ్మకం లేని రోజు నేను ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. మీడియం తీసేసి, చల్లని పీబీఎస్‌తో ఒక్కసారి కడిగి, మరుగుతున్నంత వేడిగా ఉన్న 1 శాతం ఎస్‌డీఎస్ బఫర్‌ను నేరుగా గుంటలో 150 మైక్రోలీటర్లు పోస్తాను. ఫాస్ఫటేజ్ అక్కడికక్కడే చస్తుంది. గీకి ట్యూబులోకి తీసి, 95 డిగ్రీల వద్ద 5 నిమిషాలు ఉంచుతాను. డీఎన్ఏ వల్ల లైసేట్ జిగురుగా తీగలు సాగుతుంది. 26 గేజ్ సూదితో పదిసార్లు లాగి వదిలితే నీళ్ళలా అవుతుంది. ఈ బఫర్‌లో అప్పుడే డీటీటీ, నీలి రంగు కలపకండి, అవి ప్రోటీన్ కొలతను పాడుచేస్తాయి. బీసీఏతో కొలిచాకే కలపండి.

కరెంటు, ఐస్ రెండూ ఖాయమైతే రిపా బఫర్ కూడా మంచిదే. నిరోధకాలు మాత్రం సరిగ్గా ఎంచుకోవాలి. సోడియం ఆర్థోవనడేట్ ఎక్కువగా టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లను ఆపుతుంది. మనకు కావాల్సింది సీరిన్, థ్రియోనిన్ వైపు కాబట్టి 50 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, 10 నుంచి 20 మిల్లీమోలార్ బీటా గ్లిసరోఫాస్ఫేట్ ఉండి తీరాలి. లైసిస్ మొదలైన గడియారం సమయాన్ని ప్రతి ట్యూబుకూ రాసిపెట్టండి.

జెల్, బ్లాట్

వరసకు 20 నుంచి 30 మైక్రోగ్రాముల ప్రోటీన్. ఈఐఎఫ్2 ఆల్ఫా 36 కిలోడాల్టన్లు, 12 శాతం జెల్‌లో హాయిగా కనిపిస్తుంది. ఏటీఎఫ్4 లెక్క ప్రకారం 39 దగ్గర ఉండాలి కానీ జెల్‌లో 50 దగ్గర నడుస్తుంది, కంగారు పడకండి. ఈఐఎఫ్4జీ 220 దగ్గర వస్తుంది. దానికి 6 నుంచి 8 శాతం జెల్, రాత్రంతా 30 వోల్టుల వద్ద చల్లని గదిలో ట్రాన్స్‌ఫర్ కావాలి. మామూలు వాటికి 100 వోల్టుల వద్ద ఒక గంట. వేసవిలో ట్యాంకులోని ఐస్ డబ్బాను అరగంటకోసారి మార్చండి.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక పాన్సో ఎరుపు రంగు వేసి మెంబ్రేన్ మొత్తాన్ని ఫొటో తీయండి. ట్రాన్స్‌ఫర్‌లో గాలి బుడగ ఉంటే ఇప్పుడే తెలుస్తుంది, తరువాత ప్రోటీన్ మొత్తం లెక్కకూ ఈ ఫొటోనే ఆధారం. ఫాస్ఫో యాంటీబాడీలకు నేను టీబీఎస్‌టీలో 5 శాతం బీఎస్ఏతోనే బ్లాక్ చేస్తాను. పాలపొడిలోని కేసీన్‌కు సహజంగానే ఫాస్ఫేట్లుంటాయి, కొన్ని యాంటీబాడీలకు వెనక మసక పెరుగుతుంది. మొదటి యాంటీబాడీ 1:1000, 4 డిగ్రీల వద్ద రాత్రంతా. మెంబ్రేన్‌ను ప్లాస్టిక్ కవర్‌లో సీల్ చేస్తే 3 మిల్లీలీటర్లు సరిపోతాయి. 0.02 శాతం సోడియం అజైడ్ కలిపి దాచుకుంటే ఆ ద్రావణాన్ని నాలుగైదు సార్లు వాడవచ్చు. మొదటిదాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీలో మాత్రం అజైడ్ పడకూడదు, దానికి అంటించిన, వెలుగునిచ్చే హెచ్ఆర్‌పీ ఎంజైమును అది చంపేస్తుంది.

ఇక వేర్వేరు జంతువుల సంగతి. ఫాస్ఫో, మొత్తం రెండూ కుందేలువైతే, రెండూ ఒకే ఎత్తులో వస్తాయి కాబట్టి మొదటిదాన్ని స్ట్రిప్ చేయక (మెంబ్రేన్ నుంచి కడిగి తీయక) తప్పదు. అది పూర్తిగా పోకపోతే ‘మొత్తం’ అని చూసే బ్యాండ్‌లో ఫాస్ఫో బ్యాండ్ కూడా కలిసి ఉంటుంది. కుందేలు ఒకటి, ఎలుక ఒకటి అయితే రెండు రంగుల ఫ్లోరసెన్స్‌తో ఒకే మెంబ్రేన్‌పై చూడవచ్చు. ఆ యంత్రం లేకపోతే ఒకే నమూనాలతో రెండు జెల్స్ పక్కపక్కన నడపండి. స్ట్రిప్ చేయాల్సి వస్తే ఫాస్ఫో ముందు, మొత్తం తరువాత.

4ఈ-బీపీ1కు వేరే మర్యాద

ఇది చాలా చిన్న ప్రోటీన్, 15 నుంచి 20 కిలోడాల్టన్ల మధ్య నడుస్తుంది. 15 శాతం జెల్ వాడి, రంగు గీత బయటికి జారిపోకముందే ఆపండి. 0.45 మైక్రాన్ మెంబ్రేన్‌లోంచి ఇది దూరి అవతలికి పోగలదు, 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్ తీసుకోండి.

మొత్తం 4ఈ-బీపీ1 యాంటీబాడీతోనే ఒక అందమైన దృశ్యం కనిపిస్తుంది. ఒక బ్యాండ్ బదులు మెట్లలా మూడు వస్తాయి. అడుగున వేగంగా పరిగెత్తిన ఆల్ఫాకు ఫాస్ఫేట్లు తక్కువ, మధ్యలో బీటా, పైన గామాకు ఎక్కువ. టోరిన్ ఇచ్చిన వరసలో పై మెట్లు ఖాళీ అయి అంతా అడుగుకు దిగిపోతుంది. ఫాస్ఫో యాంటీబాడీ కొనలేని ల్యాబ్‌కు ఈ ఒక్క బ్లాటే చాలావరకు సరిపోతుంది. థ్రియోనిన్ 37/46 ఫాస్ఫేట్ కనిపించినంత మాత్రాన 4ఈ-బీపీ1 వదిలేసిందని రాయకండి. అవి ముందు తగిలేవి, సీరిన్ 65, థ్రియోనిన్ 70 కూడా తగిలితేనే పట్టు సడలుతుంది. చాలా కణాల్లో ఎంటార్‌ను ఆపే మరో మందు రాపమైసిన్ 37/46ను పూర్తిగా తుడవలేదు, అందుకే నేను టోరిన్‌నే కంట్రోల్‌గా వాడతాను.

తయారీని నేరుగా కొలవడం

ఇప్పటిదాకా చూసినవి స్విచ్‌లు. ప్యూరోమైసిన్ పద్ధతి అసలు పనిని చూపిస్తుంది. ఈ అణువు ఆకారం టైరోసిన్ మోసే టీఆర్ఎన్ఏ కొసలా ఉంటుంది. రైబోజోమ్ మోసపోయి దీన్ని సాగుతున్న గొలుసుకు అంటిస్తుంది, గొలుసు అక్కడే తెగి బయటికి వస్తుంది. కొద్ది నిమిషాల్లో ఎన్ని గొలుసులకు ప్యూరోమైసిన్ అంటిందో 12డీ10 యాంటీబాడీ చెబుతుంది. ఈ పద్ధతి 2009లో వచ్చింది, రేడియోధార్మిక మెథియోనిన్ వాడే అనుమతి లేని మనలాంటి ల్యాబ్‌లకు పెద్ద ఊరట. ప్యూరోమైసిన్‌కూ మన తెలుగువాళ్ళకూ దూరపు చుట్టరికం కూడా ఉంది. 1950ల మొదట్లో ఇది బయటపడింది అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో. 1948లో చనిపోయేదాకా యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించింది ఆ ల్యాబ్‌లోనే.

మందు సమయం ముగియడానికి 10 నిమిషాల ముందు, మీడియం మార్చకుండానే ప్యూరోమైసిన్ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములయ్యేలా కలపండి. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల స్టాక్ అయితే గుంటకు 2 మైక్రోలీటర్లు. ప్లేటును మెల్లగా ఊపి ఇంక్యుబేటర్‌లో పెట్టి, సరిగ్గా 10 నిమిషాలకు వేడి ఎస్‌డీఎస్ బఫర్ పోయండి. ఒక గుంటకు 9 నిమిషాలు, ఇంకోదానికి 12 అయితే కొలత చెడినట్టే. ఒకసారికి ఒక గుంట చొప్పున, 30 సెకన్ల తేడాతో వేసి, అదే తేడాతో ఆపండి.

బ్లాట్‌లో ఒక బ్యాండ్ రాదు, వరస మొత్తం పై నుంచి కింది దాకా నల్లగా పొగలా వస్తుంది. అలాగే రావాలి, కణం తయారుచేస్తున్న రకరకాల ప్రోటీన్లన్నీ అందులో ఉన్నాయి. వరస మొత్తాన్నీ కలిపి కొలిచి, పాన్సో లెక్కతో భాగించండి. రెండు కంట్రోల్స్ లేకుండా ఈ బ్లాట్‌ను ఎవరికీ చూపించవద్దు. ప్యూరోమైసిన్ అసలు వేయని వరస శుభ్రంగా ఉండాలి. ముందే ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్‌ను మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల చొప్పున 10 నిమిషాలు ఇచ్చిన వరస బాగా తగ్గాలి.

ప్యూరోమైసిన్ సంకేతం తగ్గిందంటే ఆరంభమే తగ్గిందని కాదు, గొలుసు సాగడం ఆగినా ఇలాగే కనిపిస్తుంది. అందుకే అదే నమూనాలో గొలుసును సాగించే ప్రోటీన్ ఈఈఎఫ్2 థ్రియోనిన్ 56 ఫాస్ఫో బ్లాట్ కూడా చూడండి. అది పెరిగితే సాగే దశలో కూడా అడ్డు పడిందని అనుమానించాలి. గ్లూకోజ్ తీసేసి శక్తి కరువు చేసిన కణాల్లో ప్యూరోమైసిన్ పద్ధతిని నమ్మవద్దు, అక్కడ అది తప్పు చూపుతుంది.

స్విచ్ వేరు, పని వేరు: ఒక్క ప్లేటులో చూసుకోండి

నా దగ్గర చేరిన ప్రతి విద్యార్థితో నేను మొదట చేయించే ప్రయోగం ఇది. నాలుగు గుంటలు: డీఎమ్ఎస్ఓ, తాప్సిగార్గిన్, ఇస్రిబ్, రెండూ కలిపి. ఇస్రిబ్ 200 నానోమోలార్, తాప్సిగార్గిన్‌తో పాటే 1 గంట. ఇస్రిబ్ అనేది 2013లో వెలుగులోకి వచ్చిన చిన్న అణువు, ఈఐఎఫ్2బీకి బలమిచ్చి ఫాస్ఫో ఈఐఎఫ్2 అడ్డును దాటిస్తుంది. చివరి 10 నిమిషాలు అన్నింటికీ ప్యూరోమైసిన్.

ఫాస్ఫో ఈఐఎఫ్2 ఆల్ఫా బ్లాట్‌లో తాప్సిగార్గిన్ వరస, రెండూ కలిపిన వరస దాదాపు ఒకేలా నల్లగా ఉంటాయి. ప్యూరోమైసిన్ బ్లాట్‌లో తాప్సిగార్గిన్ వరస వెలవెలబోతుంది, రెండూ కలిపిన వరస మళ్ళీ కంట్రోల్ వైపు లేస్తుంది. ఫాస్ఫేట్ అంతే ఉంది, తయారీ తిరిగి వచ్చింది. మొదటి బ్లాట్ ఒక్కటే చూసి ఉంటే తయారీ ఆగిందని రాసేవాళ్ళం. దీనికి ఆర్సెనైట్ వాడకండి. ఆ దెబ్బకు ఫాస్ఫేట్ మరీ ఎక్కువైపోతే ఇస్రిబ్ చాలదు.

అదే తాప్సిగార్గిన్‌ను 0, 1, 2, 4, 8 గంటలు ఇచ్చి ఏటీఎఫ్4 చూడండి. తయారీ మొత్తంగా తగ్గిన వేళే ఏటీఎఫ్4 పెరుగుతుంది, దాని ఎంఆర్ఎన్ఏ ముందుభాగంలో ఉన్న చిన్న అడ్డు ఫ్రేములను రైబోజోమ్ అప్పుడే దాటగలుగుతుంది. ఆలస్యపు గంటల్లో ఫాస్ఫో బ్యాండ్ మెల్లగా దిగివస్తుంది, జీఏడీడీ34 వచ్చి ఫాస్ఫేట్‌ను తీయిస్తుంది. 8వ గంట ఒక్కటే చూసినవాళ్ళు ఏమీ జరగలేదనుకుంటారు.

టోపీ పూసలు, మైక్రోస్కోపు

ఈఐఎఫ్4ఈ పక్కన ఎవరున్నారో తెలియాలంటే ఎం7జీటీపీ అంటించిన పూసలు కావాలి. ఇక్కడ ఎస్‌డీఎస్ పనికిరాదు, జతలు విడిపోతాయి. 0.5 శాతం ఎన్‌పీ-40 లాంటి మెత్తని బఫర్, ఐస్, నిరోధకాలు తప్పవు. 300 నుంచి 500 మైక్రోగ్రాముల లైసేట్, 25 మైక్రోలీటర్ల పూసలు, 4 డిగ్రీల వద్ద 2 గంటలు తిప్పి, మూడుసార్లు కడిగి, మరిగించి బ్లాట్ చేయండి. టోరిన్ వరసలో ఈఐఎఫ్4ఈ అంతే ఉండి, ఈఐఎఫ్4జీ తగ్గి, 4ఈ-బీపీ1 పెరగాలి. ఒక ట్యూబులో విడి ఎం7జీటీపీ కలిపి చూడండి, అప్పుడు పూసలకు ఏమీ అంటకూడదు.

ఆర్సెనైట్ ఇచ్చిన కణాల్లో ఆగిపోయిన ఆరంభ సముదాయాలు స్ట్రెస్ గ్రాన్యూల్స్‌గా ముద్దకడతాయి. కవర్‌స్లిప్‌పై పెంచిన కణాలను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో 15 నిమిషాలు, 0.2 శాతం ట్రైటాన్‌తో 10 నిమిషాలు ఉంచి, జీ3బీపీ1, ఈఐఎఫ్4జీ యాంటీబాడీలు కలిపి వేయండి. రెండూ ఒకే చుక్కల్లో వెలిగితేనే గ్రాన్యూల్ అనండి. సైక్లోహెక్సిమైడ్ కూడా ఇచ్చిన కణాల్లో చుక్కలు రాకూడదు, అది రైబోజోమ్‌లను ఎంఆర్ఎన్ఏపైనే పట్టి ఉంచుతుంది. రెండో యాంటీబాడీ మాత్రమే వేసిన స్లైడు ఒకటి తప్పకుండా ఉంచండి. మంచి కాన్ఫోకల్ దగ్గరలో లేకపోతే బాధపడక్కర్లేదు. మౌంటింగ్ రాత్రంతా ఆరనిచ్చి, స్లైడు పెట్టెను ఫాయిల్‌లో చుట్టి, కాజీపేటలో పొద్దుటి రైలెక్కితే మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో ఫొటోలు తీసుకోవచ్చు.

కొలత

సంకేతం నిండిపోయి నడుమ తెల్లబడిన లేదా పూర్తి నలుపైన బ్యాండ్‌ను ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో కొలిస్తే అంకె వస్తుంది, అర్థం ఉండదు. 5, 10, 20, 40 మైక్రోగ్రాములు వేసి, సంకేతం ఎక్కడిదాకా సమంగా పెరుగుతుందో ప్రతి యాంటీబాడీకి ఒకసారి గీసుకోండి. ఫాస్ఫోను అదే నమూనాలోని మొత్తంతో భాగించండి. ఒకే రోజు మూడు గుంటలు ‘మూడుసార్లు’ కావు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజ్‌ల కణాలతో చేసినవే మూడు. కత్తిరించని పూర్తి బ్లాట్ ఫొటోలను తేదీ, లాట్ నంబర్‌తో దాచండి, పత్రికలు అడుగుతాయి.

ములుగు అమ్మాయి మళ్ళీ చేసింది. ముందు రాత్రి మీడియం మార్చింది, పొద్దున వేడి బఫర్ పోసింది, లైసిస్ సమయాన్ని ట్యూబు మూతల మీద రాసింది. కంట్రోల్ వరసలో లేతగా ఒక నీడ, పక్కన తాప్సిగార్గిన్ వరసలో నల్లని గీత. కింద ప్యూరోమైసిన్ బ్లాట్‌లో సరిగ్గా దానికి తలకిందులు. ఆ రెండు ఫొటోలను ఒకదాని కింద ఒకటి నోట్‌బుక్‌లో అంటించి, మధ్యలో పెన్సిల్‌తో గీత గీసింది.